రామతీర్థం కొండలు ఎక్కాలంటే: బండని చూసి బయల్దేరండి

రామతీర్థం కొండలు పెద్ద ఎత్తేం కావు. గురుభక్తులకొండ సుమారు 500 అడుగులుంటుంది. అరకు, లంబసింగి తిరిగొచ్చినవాళ్లు దాన్ని కొండ అనడానికే మొహమాటపడతారు. ఆ చిన్నచూపే ఇక్కడ కొంప ముంచుతుంది. ఇవి చెట్ల నీడన నడిచే కొండలు కావు. చాలాచోట్ల నున్నని బండ. ఎండకి పెనంలా కాలుతుంది, వానకి, మంచుకి పాచి తడిసి జారుతుంది. అందుకని ఎత్తెంత, దూరమెంత అన్న లెక్కలకన్నా ఆ పూట బండ ఎలా ఉందన్నదే ముఖ్యం. ఏ నెలలో వెళ్లాలి, ఎన్నింటికి మొదలెట్టాలి, ఏ కొండ ముందు ఎక్కాలి, కాళ్లకి ఏం వేసుకోవాలి, అన్నీ దాన్నిబట్టే.

చేరుకోవడం

ఊరు నెల్లిమర్ల మండలంలో ఉంది. విజయనగరం నుంచి పన్నెండు కిలోమీటర్లు. అక్కడి ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సులున్నాయి, ఆటోలూ దొరుకుతాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కి నెల్లిమర్లలో దిగొచ్చు. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మాత్రం విజయనగరం వరకూ వెళ్లి వెనక్కి రావాల్సిందే. అసలు తెల్లవారకముందే కొండ కింద ఉండాలి కాబట్టి బస్సు, రైలు వేళలు మన వేళలకి కుదరడం కష్టం. సొంత బండి మేలు. లేదంటే ముందురోజు రాత్రే ఆటో మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటో అని అప్పుడే చెప్పేస్తే ఎండలో నిలబడే బాధ తప్పుతుంది.

శ్రీరామనవమి, భీష్మ ఏకాదశి, శివరాత్రి రోజుల్లో దర్శనానికి రండి, కొండలు తిరగడానికి రాకండి. కొండ మీది రాముడి గుడికి వెళ్లే మెట్ల మీద జనం కిక్కిరిసి ఉంటారు. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు అడ్డం. మన అడుగు మన చేతిలో ఉండదు.

ఏ నెల, ఏ గంట

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకూ బాగుంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినబడితే, వాన పడ్డా పడకపోయినా ప్రయాణం వాయిదా వేసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చుట్టూ వరిచేలు పచ్చగా ఉండి చూడముచ్చటగా ఉంటుంది గానీ బండ మీద నడక అప్పుడే ప్రమాదం. ఆ నెలల్లో వస్తే మెట్లదారి వరకే పెట్టుకోండి.

ఎండాకాలంలో రావద్దని ఎవరూ చెప్పలేరు. సెలవులు అప్పుడే కదా. కాకపోతే ఒక సంగతి తెలుసుకుని రండి. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారంలో మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళకి నిలువు బండకైనా నీడుండదు. మే నెలాఖరున సూర్యోదయం ఐదుంబావుకి కాస్త అటూ ఇటూగా అవుతుంది. ఐదుకి మొదటి అడుగు వేసి, ఎనిమిదికల్లా కింద ఉండాలి. ఎనిమిదిన్నర అయితే ఇంక పైకి చూడకుండా, ఉన్నచోటు నుంచే వెనక్కి తిరగండి. శిఖరం ఇంకో పది నిమిషాలే ఉన్నా సరే. పైకి పది నిమిషాలు, పైన ఫొటోలకి ఇరవై, దిగడానికి అరగంట, వెరసి తొమ్మిదిన్నర. ఎండ పైనుంచీ, బండ వేడి కిందనుంచీ కలిసి కొట్టేది ఆ గంటలోనే.

డిసెంబరు, జనవరిలో సూర్యోదయం ఆరుంబావు దాటాకే. అప్పుడు తొందర పనికిరాదు. రాత్రి కురిసిన మంచు బండ మీద తడిగా ఉంటుంది. పాచి ఉన్నచోట ఆ మాత్రం తడి చాలు కాలు జారడానికి. బండని వేలితో రాసి చూడండి. వేలికి తడి అంటితే ఇంకా ఆగాలి.

ఏ కొండ ముందు

ఇక్కడ నడిచేవాళ్లకి ముఖ్యమైనవి రెండు. బోధికొండ, జనం నోట బోడికొండ, నీలాచలం అని కూడా అంటారు. దీని మీద కోదండరాముడి గుడి ఉంది. అక్కడిదాకా మెట్లున్నాయి. ఆలయాన్ని కొత్తగా రాతితో కట్టి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. పక్కనే కొలను. రెండోది గురుభక్తులకొండ, బౌద్ధారామం ఆనవాళ్లున్నది. దుర్గకొండ, ఘనికొండ అన్న పేర్లూ వింటారు. మొదటిసారి వచ్చినవాళ్లు ముందు ఈ రెండూ చూస్తే చాలు.

చాలామంది అలవాటు ప్రకారం ఏడాది పొడుగునా ఒకే వరసలో వెళ్తారు. ముందు దేవుడి దర్శనం, తర్వాత మిగతాది. చలికాలంలో ఆ వరస సరైనదే. మెట్ల మీద మంచు తడి ఉన్నా అడుగు పడేది చదునుగా, కాబట్టి భయం లేదు. మీరు గుడికి వెళ్లొచ్చేలోపు ఎండ తగిలి గురుభక్తులకొండ బండ ఆరుతుంది. ఎండాకాలంలో దీన్ని తిరగెయ్యాలి. బండ రాత్రంతా చల్లారి ఉండేది తెల్లవారుజామునే కాబట్టి ముందు గురుభక్తులకొండ, తర్వాత మెట్లదారి. అప్పటికి ఎండ ముదిరితే, దేవుడికి కింద ఊళ్లో ఉన్న ప్రధాన ఆలయంలోనే దండం పెట్టుకోవచ్చు. రెండు కొండలూ ఒకే పూట చెయ్యాల్సిన అవసరమేం లేదు, ముఖ్యంగా పిల్లలుంటే.

సమయం లెక్క ఇలా వేసుకోండి. చదును నేల మీద పిల్లాపెద్దా కలిసి నడిస్తే గంటకి మూడు, నాలుగు కిలోమీటర్లు. పైకి ఎక్కే ప్రతి పది మీటర్లకీ ఒక నిమిషం అదనం. 500 అడుగులంటే 150 మీటర్ల పైచిలుకు, అంటే ఎత్తు వల్ల పెరిగేది పావుగంటే. ఎండ, తొందరపాటు, అలవాటు లేకపోవడం ఉంటే దాన్ని రెట్టింపు చెయ్యండి. ఒక్కో కొండకి ఎక్కి, చూసి, దిగడానికి రెండు గంటలు పెట్టుకుంటే హడావుడి ఉండదు. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట తెగకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. ముందు పరిగెత్తి తర్వాత కూలబడే కుర్రాళ్లకన్నా, నెమ్మదిగా ఒకే తీరున నడిచే పెద్దావిడే ముందు పైకి చేరుతుంది.

బండ మీద అడుగు

ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దెబ్బలన్నీ ఇక్కడే తగులుతాయి.

నున్నని బండ వాలుగా ఉన్నప్పుడు మనిషికి భయం వేస్తుంది. భయం వేస్తే ఒళ్లు తెలియకుండానే బండ వైపుకి, వెనక్కి వాలుతుంది. అలా వాలగానే పాదం మీద బరువు తగ్గుతుంది, పట్టు పోతుంది, మడమ జారుతుంది. చెయ్యాల్సింది సరిగ్గా దానికి ఎదురు. మోకాళ్లు కొంచెం వంచి, నడుము పాదాలకి సూటిగా పైన ఉండేలా, ఒంటి బరువంతా పాదం మీదే వేసి నిలబడాలి. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలు పూర్తిగా బండకి ఆనాలి. అడుగులు చిన్నవి. దిగేటప్పుడు మరీ చిన్నవి, జానెడు చాలు. మరీ వాలుగా ఉంటే కూర్చుని, చేతులూ కాళ్లూ ఆనించి దిగడానికి సిగ్గుపడొద్దు. కాకపోతే ప్యాంటు వెనక జేబులో ఫోను తీసి సంచిలో వేసుకోండి.

బండ మీద మూడు రకాల చోట్లు కనిపెట్టుకోవాలి.

ఒకటి, నల్లని చారలు. వాననీరు ఎప్పుడూ ఒకే దారిన జారడంతో అక్కడ పాచి పెరిగి, ఎండాక నల్లగా కనిపిస్తుంది. ఎండినప్పుడు ఆ చార గరుగ్గా ఉండి పట్టు బాగానే ఇస్తుంది. తడిస్తే నూనె పోసినట్టే. ఎండి ఉంది కదా అని పొద్దున ఎక్కిన దారి, పదిన్నరకి ఒక జల్లు పడగానే దిగలేని దారి అవుతుంది. అందుకని పొడి రోజుల్లో కూడా నల్లచారలు దాటని దారే ఎంచుకోండి. తప్పక దాటాల్సి వస్తే అడ్డంగా, ఒక్క అడుగులో దాటేయండి. చార వెంబడి పైకీ కిందికీ నడవొద్దు.

రెండోది, బండ మీద చల్లినట్టుండే గరుసు. ఎండకి ఉబ్బి, రాత్రికి ముడుచుకుని, ఏళ్ల తరబడి పైపొర రాలి చిన్న చిన్న రవ్వలవుతుంది. బూటు కింద అవి గుండ్రంగా దొర్లుతాయి. దిగేటప్పుడు జారిపడేది ఎక్కువగా దీని మీదే. వాలు తక్కువ ఉన్నచోటనే ఈ గరుసు నిలుస్తుంది, మనమూ అక్కడే ఏమరుపాటుగా ఉంటాం. ముందు కాలితో పక్కకి నెట్టి, తర్వాత బరువు వెయ్యండి.

మూడోది, పెచ్చులు లేచిన బండ. కాలితో తడితే డొల్లగా మోగితే ఆ పెచ్చు కింద ఖాళీ ఉన్నట్టు. దాని మీద కాలు పెట్టకండి, దాన్ని పట్టుకుని పైకి లాక్కోకండి, కింద ఎవరున్నారో చూడకుండా దొర్లించకండి. రాయి చేతిలోంచి జారితే సిగ్గుపడకుండా గట్టిగా “రాయి! రాయి!” అని అరవండి. కిందవాళ్లు తలెత్తి చూడకూడదు. సంచి నెత్తి మీద పెట్టుకుని బండకి ఆనుకోవాలి.

చెప్పుల సంగతి. రబ్బరు అడుగున్న, మడమ కదలకుండా తాడు బిగించే బూట్లు ఏవైనా చాలు. కాన్వాసువైనా పరవాలేదు, ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు. అడుగు అరిగి నున్నగా అయితే మాత్రం ఇంట్లో వదిలెయ్యండి. తోలు అడుగు, ప్లాస్టిక్ అడుగు, హవాయి చెప్పులు మూడూ వద్దు. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి తొడగకండి. వారం ముందు నుంచి ఇంటి చుట్టూ తొడుక్కుని తిరగండి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకి గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడుతుంది. తాడు ఎక్కేటప్పుడు కొంచెం వదులుగా, దిగేముందు చీలమండ దగ్గర బిగించి కట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

మొక్కుబడికి ఉత్తకాళ్లతో ఎక్కేవాళ్లుంటారు. మెట్లదారి వరకూ, తెల్లవారుజామున అయితే సరే. అరచేయి వెనక భాగం బండకి ఆనించి ఐదు లెక్కపెట్టండి. ఐదు దాకా ఉంచలేకపోతే ఉత్తకాళ్లతో ఆ బండ మీద నడవకూడదు. గుడి దగ్గర బూట్లు విప్పక తప్పదు కాబట్టి ఒక గుడ్డసంచి తెచ్చుకోండి. బయట వదిలేస్తే కోతులు ఆడుకుంటాయి, లేదా తిరిగొచ్చేసరికి లోపల నిప్పులా ఉంటాయి.

నీళ్లు, తిండి

చలికాలంలో మనిషికి గంటకి అర లీటరు, ఎండాకాలంలో గంటకి లీటరు. రెండు గంటల నడకకి ఎండాకాలంలో మనిషికి రెండు లీటర్లు, అదనంగా గుంపు మొత్తానికి ఇంకో లీటరు. పైన అమ్ముతారులే అన్న ధీమాతో వెళ్లకండి. కొలనులో నీళ్లు తాగడానికి కాదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. సీసాలో నీళ్లు సగం అయ్యేసరికి, ఎక్కడున్నా సరే, తిరుగుముఖం పట్టండి.

చెమట ఎక్కువ పోస్తే ఉత్త నీళ్లు చాలవు. లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, వాంతి వస్తుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇంకా మంచిది, కానీ ఎండలో రెండు గంటలకే పులుస్తుంది కాబట్టి ఎక్కేముందు తాగెయ్యండి. తెల్లవారుజామున ఇంట్లో చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరితే కొండ దిగేదాకా నిలుస్తుంది. పూరీ, ఉప్మా తిని ఎక్కితే సగం దారిలో కడుపు బరువెక్కుతుంది. టిఫిను దిగాక తినండి.

సంచిలోకి భీమాళి మామిడి తాండ్ర పెట్టుకోండి. కరగదు, నలగదు, చిన్న ముక్క చప్పరిస్తే ఓపిక వస్తుంది. వేరుశనగ చెక్కి, ఖర్జూరం కూడా పనికొస్తాయి. అరటిపళ్లు ఇక్కడికి వద్దు. ఎందుకో కోతుల దగ్గర చెబుతాం.

పైన ఏం చూడాలి, ఎలా చూడాలి

గురుభక్తులకొండ మీద శిథిలాలు వాలులో సన్నగా, పొడుగ్గా ఉన్న తిన్నె మీద వరసగా ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపారు. శాతవాహనుల నాటి సీసం నాణేలు దొరికింది ఇక్కడే. ఇటుకల పునాదులు చూస్తే ఒక చివర గుండ్రంగా, రెండో చివర సూటిగా ఉన్నవి కనిపిస్తాయి. ఏనుగు వీపులా ఉంటుందని వాటిని గజపృష్ఠాకారం అంటారు. అవి చైత్యాలు, అంటే పూజ చేసుకునే చోట్లు. గుండ్రంగా ఉన్న దిబ్బ స్తూపం. చిన్న చిన్న గదులు వరసగా ఉన్నచోట భిక్షువులు ఉండేవారు. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే ఇటుకల కుప్పలా కనిపించినదంతా ఒక్కసారిగా ఊరులా అర్థమవుతుంది.

ఇటుక గోడల మీద ఎక్కి నడవకండి. ఇటుకల మధ్య బంకమట్టి వానకి కరిగి వదులుగా ఉంటుంది. అంచు మీద కాలు పెడితే గోడా పోతుంది, చీలమండా పోతుంది. ఒక్క ఇటుక ముక్క కూడా ఇంటికి తేకూడదు, ఇది పురావస్తు రక్షణలో ఉన్న చోటు.

బోధికొండ వైపు రాతి చరియల కింద జైన శిల్పాలున్నాయి. వాటిని చూసి బుద్ధుడు అనేసేవాళ్లే ఎక్కువ. ఆనవాలు ఇలా పట్టండి: దిగంబరంగా, నిలువుగా నిలబడి, చేతులు రెండూ పక్కలకి వదిలేసి ఉంటే తీర్థంకరుడు. తల మీద పాము పడగలుంటే పార్శ్వనాథుడు. భుజం మీద వస్త్రం మడత గీత కనిపిస్తే బుద్ధుడు. ఇక్కడి కన్నడ శాసనం ఒకటి, తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకి వచ్చి మొక్కినట్టు చెబుతుంది. విమలాదిత్యుడు 1011 నుంచి 1018 వరకూ ఏలాడు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికి తండ్రి. తెలుగు కావ్యం మొదలవడానికి కాస్త ముందు మన కొండకి ఒక జైనముని నడిచొచ్చాడన్నమాట. ఇంత పెద్ద సంగతిని ఊరి బస్టాండులో ఒక బోర్డు మీదైనా పెద్దక్షరాలతో రాసి పెట్టొచ్చు.

అరిగిపోయిన చెక్కడం ఎదురెండలో చూస్తే ఉత్త రాయిలా కనిపిస్తుంది. పొద్దున ఏటవాలుగా పడే వెలుతురులో చూడాలి. గుహ లోపలైతే టార్చి బొమ్మకి ఎదురుగా కాకుండా, రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. గీతల లోపల నీడ పడి ముక్కు, చేతివేళ్లు, అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. టార్చిని మెల్లగా చుట్టూ తిప్పుతుంటే ఒక్కోవైపు నుంచి ఒక్కో గీత తేలుతుంది. అక్షరాలు కనిపించాలని సుద్ద రాయడం, నీళ్లు చల్లడం, నూనె పూయడం రాతిని పాడు చేస్తుంది. పసుపు కుంకాలు కూడా వద్దు. గుహలోకి అడుగు పెట్టేముందు టార్చి నేల మీద, తర్వాత కప్పు మీద వేసి చూడాలి. నేల మీద పాము, కప్పుకి తేనెపట్టు, రెండూ లేవని చూసుకున్నాకే లోపలికి.

పిడుగు

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య మధ్యాహ్నం పూట ఈదురుగాలితో వచ్చే వానలకి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పొలాల్లో, తోపుల్లో పిడుగుపాటు మరణాలు వింటూనే ఉంటాం. బోడి బండ పైన అందరికన్నా ఎత్తుగా ఉండేది మనమే. మెరుపుకి, ఉరుముకి మధ్య లెక్కపెట్టండి. ముప్ఫై లోపు వినబడితే వెంటనే దిగడం మొదలెట్టాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, వాన మొదలవగానే రాతి చరియ కిందకో, లోతులేని గుహ నోట్లోకో దూరడం. పిడుగు కొండ మీద పడితే ఆ విద్యుత్తు బండ మీదుగా, తడి చారల వెంట కిందికి పాకుతుంది. గుహ నోటి దగ్గర పై బండకీ కింది బండకీ మధ్య ఉన్న మనిషి మీదుగా దూకుతుంది. తడవడం వల్ల ఎవరికీ ఏం కాదు. తడుస్తూనే కిందికి రండి. ఒంటరి తాడిచెట్టు కింద నిలబడొద్దు. గుంపు దగ్గరగా కలిసి ఉండకుండా మనిషికీ మనిషికీ బాగా ఎడం పాటించండి. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ముందే తెలుస్తుంది. ఎక్కేముందు ఒకసారి చూసుకోండి.

కోతులు, తేనెటీగలు, పాములు

కోతి మనిషిని చూసి రాదు, చేతిలో సంచి చూసి వస్తుంది. పాలిథిన్ కవరు చప్పుడు, అరటిపండు రంగు దానికి బాగా తెలుసు. తినేవన్నీ జిప్పున్న సంచిలో, వీపుకి. చేతులు ఖాళీగా ఉండాలి. ఎదురొస్తే కళ్లలోకి చూడకుండా, పళ్లు కనబడేలా నవ్వకుండా, పరిగెత్తకుండా పక్కకి తప్పుకోండి. సంచి పట్టుకుంటే వదిలెయ్యండి. కరిచినా, గీరినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి.

ఎత్తైన చరియల కింద వేలాడే పెద్ద తేనెపట్లు కనబడితే అటు రాళ్లు విసరడం, పొగ పెట్టడం, డప్పులు, గట్టి అరుపులు వద్దు. ఘాటైన సెంటు కొట్టుకుని రాకండి. లేచాయంటే ఒకటే మార్గం, చొక్కా తల మీదికి లాక్కుని ముఖం కప్పుకుని వచ్చిన దారినే దూరంగా పోవడం. బండ మీద గుడ్డిగా పరిగెత్తితే పడతాం, అందుకే అడుగు చూసుకునేంత ఖాళీ ఉంచుకోండి. చేత్తో కొట్టొద్దు, నలిగిన ఈగ వాసనకి మిగతావి ఇంకా వస్తాయి. నీళ్లలోకి దూకొద్దు, పైనే కాచుకుని ఉంటాయి. తప్పించుకున్నాక ముళ్లని గోటితో గానీ కార్డు అంచుతో గానీ వెంటనే గీకెయ్యండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోను.

చీకట్లో మొదలెడతాం కాబట్టి పాముల గురించి. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగుల చప్పుడుకి పక్కకి తప్పుకోదు. టార్చి లేకుండా కొండ కింద పొదల్లో నడవొద్దు. చెయ్యి పెట్టేముందు రాతి సందులోకి చూడండి. కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చెయ్యకండి. కాలి ఉంగరాలు, పట్టీలు, బూటు తీసేసి, కాలు కదలకుండా కర్రకి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపి నేరుగా విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాటు పడిన సమయం రాసుకోండి. పామును వెతికి చంపే పని పెట్టుకోవద్దు.

పొదల్లో దూలగొండి కాయలు ఒంటికి తగిలితే రుద్దకండి, నూగు లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అంటించి పైకి లాగితే నూగు దాంతో వస్తుంది. తర్వాత నీళ్లు.

ఎవరెవరు ఆలోచించుకోవాలి

షుగరు ఉన్నవాళ్లు పొద్దున మందేసుకుని ఖాళీ కడుపుతో ఎక్కితే సగంలో కళ్లు తిరుగుతాయి. ఏదో ఒకటి తిని, తాండ్ర గానీ గ్లూకోజు గానీ జేబులో పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కడం బాగుందని మోసపోకండి. నొప్పి తెలిసేది దిగేటప్పుడే. మెట్లు పక్కవాటుగా దిగుతూ చేతికర్ర వాడితే భారం తగ్గుతుంది. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషను, నెలలు నిండుతున్న గర్భం ఉన్నవాళ్లకి కింద కోనేరు గట్టు, ప్రధాన ఆలయమే మంచి చోటు.

ఎండదెబ్బ గుర్తుపట్టడం గుంపులో అందరికీ తెలిసి ఉండాలి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టెయ్యడం మొదటి మెట్టు. అప్పుడే నీడకి చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లు తడిపి విసరాలి. మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఊరూ పేరూ తప్పు చెబుతున్నా ఇంక మంచినీళ్లు నోట్లో పొయ్యకండి. తడిగుడ్డలు మెడకి, చంకలకి, గజ్జలకి పెట్టి, విసురుతూ 108ని పిలవండి.

కాలు బెణికితే కింద చేరేదాకా బూటు విప్పొద్దు. విప్పితే వాపు వల్ల మళ్లీ ఎక్కదు. నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీ బూటు మీదుగానే ఎనిమిది ఆకారంలో చుట్టి, ఒకరి భుజం మీద చెయ్యి వేసి దింపండి.

దిగాక

కొండ దిగిన ఒంటి వేడికి చంపావతిలో దిగి స్నానం చెయ్యాలనిపిస్తుంది. పైకి పల్చగా ఇసుక తేలి కనిపించే ఏటిలో, తవ్విన గుంటలు నీళ్ల కింద కనబడవు. ఒక్క అడుగులో మోకాలి లోతు నిలువెత్తు అవుతుంది. పైన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకోండి, పిల్లలని మాత్రం నీళ్లలోకి వదలకండి. విజయనగరం పట్టణానికి తాగునీరు కొంత ఈ ఏటి ఇసుక ఊటల నుంచే వెళ్తుంది కాబట్టి సబ్బు, షాంపూ ప్యాకెట్లు అక్కడ విప్పొద్దు.

ఖాళీ సీసాలు, తాండ్ర చుట్టిన కాగితాలు, బ్యాండేజీ ముక్కలు లెక్కపెట్టుకుని సంచిలోనే వెనక్కి తెండి. కొండ మీద చెత్తబుట్ట ఉన్నా అందులో వెయ్యకండి, సాయంత్రానికి కోతులు బండంతా పరుస్తాయి. ఫిబ్రవరి దాటాక ఎండుగడ్డి దగ్గర బీడీ, అగరుబత్తి, కర్పూరం ఏదీ వెలిగించొద్దు. బూట్లు ఇంటికెళ్లాక దులిపి, అడుగు గాడుల్లో ఇరుక్కున్న గరుసు పుల్లతో తీసెయ్యండి. అలాగే వదిలేస్తే వచ్చేసారి మొదటి వాలు మీదే జారేది ఆ రవ్వల మీదే.